ఆషాఢ మాసం, రొయ్యల ఫ్యాక్టరీ గడప

నా కుర్చీలో ఇప్పుడొక చిన్నమ్మాయి కూర్చుంటోంది. పెద్ద చదువు చదివింది, మంచి పిల్ల. చేరిన వారానికే ఫోన్ చేసి, "మేడం, మీరు ఇన్నేళ్ళు చేసిన పనేమిటో ఒక పేజీలో రాసి పంపుతారా? ఫైళ్ళలో ఎక్కడా దొరకడం లేదు" అంది. ఫైళ్ళలో ఉండదు తల్లీ అన్నాను. ఒక పేజీలో పట్టదు కూడా. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. ఆ అమ్మాయికనే కాదు, 'ఉద్యోగుల సంక్షేమం' అని తలుపు మీద రాసి ఉన్న గదిలోకి ఎవరు కొత్తగా అడుగుపెట్టినా వాళ్ళకు పనికొస్తే చాలు.

నా గురించి రెండు ముక్కలు చెప్పి అసలు విషయానికి వస్తాను. నేను బడికి వెళ్ళలేదు. మా ఊరికీ బడికీ మధ్య ఉప్పుకాలువ ఉండేది. వానాకాలం దాటడానికి వీల్లేదు, ఎండాకాలం దాటితే బడికి సెలవులు. దాంతో మా అవ్వ పూజగదిలో కూర్చోబెట్టి అక్షరాలు నేర్పింది, నాన్న అరుగు మీద లెక్కలు నేర్పాడు. పరీక్షలు బయటినుంచి కట్టి పాసయ్యాను. ఇంట్లో చదువుకున్నందువల్ల నాకొక లాభం కలిగింది. పెద్దవాళ్ళు తమ పనుల మధ్య పాఠం చెప్పేవాళ్ళు. అవ్వ పప్పు తాలింపు పెట్టి వచ్చేదాకా పద్యం సగంలో ఆగేది. పనీ ఇల్లూ వేరువేరుగా ఉంటాయని నాకు ఉద్యోగంలో చేరేదాకా తెలియదు. అలా పెంచినందుకు ఆ ఇద్దరికీ, వాళ్ళనిచ్చిన రంగనాయకుల స్వామికీ రోజూ దండం పెట్టుకుంటాను.

పని అంటే ఏమిటంటే

తోటపల్లి గూడూరు దాటి సముద్రం వైపు పోయే రోడ్డు మీద మా రొయ్యల ఫ్యాక్టరీ. పల్లెపల్లె నుంచి ఆడవాళ్ళు కంపెనీ బస్సుల్లో వస్తారు. తలలు తీయడం, పొట్టు ఒలవడం, సైజులవారీగా వేరు చేయడం వాళ్ళ పని. నేను మొదట హాజరు రాయడానికి చేరాను. హాజరు వేయించుకునే వంకతో ప్రతి ఒక్కరూ ఇంటి సంగతి ఒకటి చెప్పి పోయేవాళ్ళు. వరుస కదిలేది కాదు. ఓనరుగారు ఒకరోజు అది చూసి, "అమ్మా, నువ్వు ఎటూ వినేదే పనిగా పెట్టుకున్నావు, జీతం కూడా దానికే తీసుకో" అని నన్ను ఈ గదిలో కూర్చోబెట్టారు. ఎగతాళికే అన్నారేమో. నాకు మాత్రం జీవితమంతా అన్నం పెట్టింది ఆ మాట.

రొయ్యకు ఆదివారం తెలియదు. చెరువులో రోగం కనబడినా, ధర ఒక మెట్టు పెరిగినా రైతు పట్టుబడికి దిగి చెరువు ఖాళీ చేసేస్తాడు. లారీ వచ్చేస్తుంది. ఐసు కరిగేలోగా ఒలిచి తీరాలి. ఇంటికీ ఆదివారం తెలియదు. పిల్లకు జ్వరం వస్తుంది, నీళ్ళ ట్యాంకరు వస్తుంది, చెప్పాపెట్టకుండా ఆడబిడ్డ దిగుతుంది. ఈ రెండింటి మధ్యా నిలబడి, ఈ పూటకు రొయ్య ఆగాలా ఇల్లు ఆగాలా అని చూడటమే నా పని. రొయ్యకు నోరు లేదు కాబట్టి దాని తరఫున మేనేజరు మాట్లాడతాడు. ఇంటికి మాత్రం నోళ్ళు చాలా ఉంటాయి.

గుండ్రం గీయించిన సారు

ఒకసారి హెడ్ ఆఫీసు వాళ్ళు ఒక శిక్షకుణ్ణి పంపారు. ఉద్యోగానికీ ఇంటికీ సమతూకం ఎలా సాధించాలో చెప్పడానికి వచ్చాడాయన. పొద్దున్నించి నిలబడి రొయ్యలు ఒలిచిన ఎనభై మంది ఆడవాళ్ళను క్యాంటీన్లో కూర్చోబెట్టి, తలా ఒక కాగితం, నాలుగు రంగు పెన్సిళ్ళు ఇచ్చాడు.

"ఒక గుండ్రం గీయండి. అదే మీ రోజు. నిద్రకు నీలం, ఉద్యోగానికి ఎరుపు, కుటుంబంతో సరదాగా గడిపే సమయానికి పసుపు. మీ కోసం మీరు ఉంచుకునే సమయానికి ఆకుపచ్చ" అన్నాడు. నమూనాగా తన గుండ్రం తెర మీద చూపించాడు. ముచ్చటగా పుచ్చకాయ ముక్కల్లా ఉంది.

ముందు వరుసలో మస్తానమ్మ కూర్చుని ఉంది. ఈమెను మీకు పరిచయం చేయాలి. ఒలుపుడు విభాగంలో అందరికన్నా సీనియరు. పీతలు పట్టుకుని బతికే కుటుంబం. మనిషి పొట్టి, గొంతు పొడుగు. అందరూ ఆమెకు భయపడతారు, నాతో సహా.

"బాబూ, నీ గుండ్రంలో వంటకు రంగే లేదే?" అంది.

"మా ఇంట్లో వంట మా ఆవిడ చేస్తుందమ్మా."

"అయితే ఆయమ్మ గుండ్రం గూడా తెచ్చుండాల్సింది. రెండూ పక్కపక్కన పెడితే గదా మాకు తెలిసేది!"

క్యాంటీను పైకప్పు ఎగిరిపోయేలా నవ్వారు. పాపం ఆయన కూడా నవ్వాడు, కానీ తర్వాతి తెర మార్చడం మరిచిపోయాడు.

ఆ కాగితాలు నేను ఇంటికి తీసుకెళ్ళి చూశాను. ఎనభైలో డెబ్భైకి పైగా కాగితాల్లో ఆకుపచ్చ రంగే లేదు. ఒకామె మాత్రం వెంట్రుకంత గీత గీసి, పక్కన 'బస్సులో కిటికీ సీటు దొరికితే' అని రాసింది. అది చదివి ఆ కాగితం విడిగా తీసిపెట్టాను. ఎందుకంటే మా సూపర్‌వైజర్లు ఆ బస్సులోనే మర్నాటి పనులు పంచేవాళ్ళు, నిన్నటి తప్పులకు తిట్టేవాళ్ళు. మర్నాడే పట్టుబట్టి దాన్ని మాన్పించాను. బస్సులో ఫ్యాక్టరీ మాట ఎత్తకూడదని నియమం పెట్టించాను. నా సర్వీసులో నేను చేసిన మంచి పనుల్లో అదొకటి. ఆ గుండ్రం సారు ఎక్కడున్నా చల్లగా ఉండాలి. ఆయన చెప్పినదాంట్లో ఒక్క ముక్క పనికిరాలేదు గానీ, ఆయన ఇచ్చిన పెన్సిళ్ళు పనికొచ్చాయి.

ఆవకాయకు గడువు తేదీ

నేను చేసిన తప్పుల్లో మొదట చెప్పుకోవాల్సింది పెంచలయ్య సంగతి. క్వాలిటీ ఇన్‌స్పెక్టరు. శుభ్రత అతనికి మతం. నెలల తరబడి వారపు సెలవు కూడా తీసుకోకుండా పనిచేస్తున్నాడని నాకు జాలివేసి, మేనేజరుతో పోట్లాడి వారానికి రెండు రోజుల సెలవు ఇప్పించాను. పుణ్యం చేశాననుకున్నాను.

మూడో వారం అతని భార్య మా బస్సెక్కి నేరుగా నా గదికి వచ్చింది.

"అక్కా, ఆయన్ను పనికి పిలిపించుకోండి."

"ఏమైందమ్మా?"

"ఆవకాయ జాడీకి చీటీ అంటించినాడు. తయారుచేసిన తేదీ, గడువు తేదీ. అది మా అత్త పెట్టిన ఆవకాయ. ఆమె చూసి 'గడువు దానికా నాకా' అని ఏడస్తా కూర్చునుండాది. నేను నా వంటింట్లోకి పోవాలంటే మోచేతుల దాకా సబ్బు రుద్దాలంట, నెత్తికి టోపీ పెట్టాలంట. నిన్న చుట్టాలొస్తే వాళ్ళ గోళ్ళు చూసినాడక్కా!"

ఒకరోజు వెనక్కి తీసుకున్నాం. మిగిలిన ఒకరోజు కూడా ఆమె చెప్పిన రోజునే ఇచ్చాం. కొత్తగా వచ్చేవాళ్ళకు నా మాట ఇది. సెలవు మనం మనిషికి ఇస్తాం, అది వెళ్ళి పడేది ఇంటి మీద. ఇంటిని ఒక మాట అడక్కుండా ఇవ్వకండి.

ఈ పాఠం నేర్చుకున్నానని చాలా ఏళ్ళు అనుకున్నాను. నేర్చుకోలేదని ఒక ఆషాఢంలో తెలిసింది.

మస్తానమ్మ కోడలు

కావ్య అనే అమ్మాయి మా దగ్గర తాత్కాలిక పనికి చేరింది. ఒలుపుడు బల్ల దగ్గర మస్తానమ్మ ఎదురుగా నిలబడేది. పెళ్ళిచూపులంటే మామూలుగా ఇంట్లో చాప మీద జరుగుతాయి. ఈ పెళ్ళిచూపులు మాత్రం ఐసు నీళ్ళ మధ్య జరిగాయి. మస్తానమ్మ రెండు నెలలు ఆ పిల్ల చేతులు చూసింది. "పొట్టు తీస్తే తోక విరగలేదు, ఒక్కటంటే ఒక్కటి. ఇంత ఓర్పుండే పిల్ల నా కొడుకును గూడా విరక్కుండా చూసుకుంటాది" అని సంబంధం కలుపుకుంది. జ్యేష్ఠంలో పెళ్ళి. కొడుకు రమేషు చెరువుల దగ్గర కాపలా ఉద్యోగం.

ఇక్కడ కంపెనీ పద్ధతి ఒకటి చెప్పాలి. తాత్కాలిక ఉద్యోగి ఆరు నెలలు వరుసగా పనిచేయాలి. నెలకు రెండు నాగాల వరకు క్షమిస్తారు, మూడోది పడితే లెక్క మళ్ళీ మొదటికి. ఆరూ పూర్తయితే తెల్లకార్డు పోయి నీలంకార్డు వస్తుంది. అంటే పర్మనెంటు. జీతంతో సెలవులు, జబ్బు చేస్తే ఆసుపత్రి, కాన్పుకు సెలవు. అప్పుడు ఖాళీలు రెండే ఉన్నాయి, కావ్య మళ్ళీ మొదటినుంచి ఎక్కేసరికి అవి మిగిలి ఉండవు. ఆమె ఐదు నెలలు ఒక్క నెలలోనూ రెండు దాటలేదు. పెళ్ళికి కూడా రెండే రోజులు తీసుకుంది. పెళ్ళికూతురు మూడోనాడు పారాణి కాళ్ళతో గమ్‌బూట్లు వేసుకుని వచ్చింది.

ఆరో నెల సరిగ్గా ఆషాఢంలో పడింది.

కొత్త కోడలు ఆషాఢంలో పుట్టింట్లో ఉండాలి. అత్తా కోడలూ ఒకే గడప దాటకూడదు. మన వైపు ఎవరికీ చెప్పక్కర్లేదు. కావ్య పుట్టింటికి వెళ్ళింది. అది కూడా మా బస్సు దారిలోనే ఉన్న పల్లె. ఇళ్ళవరకూ సమస్య లేదు. ఆషాఢం మొదటిరోజు పొద్దున మస్తానమ్మ నా గదిలోకి వచ్చి నిలబడింది.

"మేడమక్కా, మా కోడలికి నెలరోజులు సెలవు రాయి."

"ఎందుకు?"

"లోపలికి పోయే గడప ఒకటే గదా. నేను దాటాల, ఆ పిల్ల దాటాల. ఎట్టా కుదురుతాది?"

వెనకనే కావ్య. గదిలోకి రాలేదు. కిటికీ బయట నిలబడి ఊచల్లోంచి మాట్లాడింది. నా గది గడప కూడా అత్త దాటేసింది కదా!

"మేడం, నెల పోతే నా కార్డు పోతాది. అత్తకెటూ నీలంకార్డు ఉండాది, సెలవులుండాయి. అత్తే ఇంట్లో ఉండొచ్చు గదా?"

"నేనుండేదేందే? పుట్టింటికి పొయ్యేది కోడలా, అత్తా?" అంది మస్తానమ్మ కిటికీ వైపు తిరక్కుండానే.

"నేను పుట్టింట్లోనే ఉండాను. పని యాడ చెయ్యాలనేది పంచాంగంలో లేదు."

"చూస్తివా మేడమక్కా నోరు! ఒలిచేటప్పుడు ఈ నోరు కనబడలా నాకు."

మీరైతే ఇది మూఢనమ్మకమని కొట్టిపారేసేవాళ్ళేమో. నేను అలా అనలేను. నేను కూడా అదే ఆచారంలో పుట్టిపెరిగినదాన్ని. అయితే ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరగడం కూడా చూశాను. "పెళ్ళికి ముందు మా నాన్న పేరు, ఇప్పుడు ఆయన పేరు. నా పేరుతో ఒక్క కార్డైనా ఉండాల మేడం" అంది.

గడప అంటే ఏది?

మేనేజరు శశిధర్ గారు హైదరాబాదు నుంచి వచ్చినవారు. మంచివారే. కాకపోతే లారీ వచ్చిందంటే ఆయనకు మనుషులు కనబడరు, చేతులే కనబడతాయి. అది పట్టుబళ్ళ కాలం. విషయం చెప్పగానే, "రెండు జతల మంచి చేతులు. నేను ఎవర్నీ వదలను. గడప అనే సెలవు మన దగ్గర లేదు మేడం. ఒకరికి ఉదయం షిఫ్టు, ఒకరికి మధ్యాహ్నం షిఫ్టు వేయండి, అయిపోయింది" అన్నారు.

మస్తానమ్మకు చెప్పాను. ఆమె నన్ను చిన్నపిల్లను చూసినట్టు చూసింది. "ఒకేసారి దాటకూడదని కాదు మేడమక్కా. ఒకే గడప దాటకూడదు."

మధ్యాహ్నానికి ఫ్యాక్టరీ రెండు పార్టీలయింది. మా ఒలుపుడు హాలు తలుపు కింద స్టీలు రేకు ఉంటుంది, దాన్ని దాటగానే మందు కలిపిన నీళ్ళ తొట్టి, అందులో బూట్లు ముంచి లోపలికి పోవాలి. చెక్కది కాదు కాబట్టి అది గడపే కాదని ఒక పార్టీ. "స్టీలు గిన్నెలో వండితే అన్నం కాకుండా పోతాదా?" అని రెండో పార్టీ. తొట్టిలో కాలు ముంచాక దోషం పోతుందని ఒకామె అంటే, "దోషమేమన్నా బాక్టీరియానా?" అని ఇంకొకామె. పెంచలయ్యకు మాత్రం అది తన విభాగానికి సంబంధించిన ప్రశ్నలా వినబడింది. ఆ మందు దేన్ని చంపుతుందో, దేన్ని చంపదో వివరంగా చెప్పాడు. దోషం ఆ జాబితాలో లేదు.

చివరికి నాకు తెలిసిన పంతులుగారికి ఫోన్ చేసి స్పీకరు పెట్టాను. ఆయన నిదానంగా ఆలోచించి, "అమ్మా, పసుపు కుంకుమ పెట్టి లక్ష్మీదేవిగా కొలిచేదే గడప. మీ స్టీలు రేకుకు ఎవరూ పసుపు పెట్టరు కదా? అలాంటప్పుడు దానికి ఏ దోషమూ లేదు. ఇద్దరూ హాయిగా దాటవచ్చు" అన్నారు.

చప్పట్లు కొట్టారు. కావ్య క్యాంటీను కిటికీ బయట ఎగిరి గంతేసింది. నేను స్వామికి మనసులో దండం పెట్టుకుంటున్నాను. మస్తానమ్మ లేచింది.

"పంతులుగారూ, పెట్టేవాళ్ళుంటే?"

"ఉంటే అది గడపేనమ్మా."

మస్తానమ్మ నా వైపు తిరిగింది. "మేడమక్కా, శుక్రవారం శుక్రవారం అందరికన్నా ముందొచ్చి ఆ రేకు మూల పసుపు బొట్లు పెట్టేది ఎవురు?"

నేనే. చేరిన ఏడాది నుంచీ. ఎవరూ చూడటం లేదనుకున్నాను. ఇంతమందికి అన్నం పెడుతున్న చోటని, తలుపు బయటి వైపు మూలన చిటికెడు పసుపు, చిన్న బొట్టు. ఎవరికీ చెప్పలేదు. చెప్పేది కాదు కూడా.

అంతలో పెంచలయ్య నోరు తెరిచాడు. "అది... పసుపా? నేను తుప్పనుకుని ఎనిమిదేళ్ళుగా శనివారం శనివారం తోమిస్తా ఉండాను మేడం! తుప్పు ఎందుకు వస్తాందని రేకు గూడా రెండుసార్లు మార్పించినానే!"

అంతమంది నవ్వుతుంటే నా తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. స్టీలు రేకును గడప చేసింది నా భక్తే. ఇప్పుడు ఒక పిల్ల కార్డుకు అడ్డంగా అది నిలబడింది. శశిధర్ గారు కళ్ళు తుడుచుకుంటూ, "మేడం, గడప మీరు చేశారు, దారి కూడా మీరే చూడండి. సాయంత్రం లోపల" అన్నారు.

తలుపులు లెక్కపెట్టిన మధ్యాహ్నం

నేనూ, మస్తానమ్మా, తాళాలతో పెంచలయ్యా ఫ్యాక్టరీ చుట్టూ తిరిగి తలుపులు లెక్కపెట్టాం. కావ్య పదడుగుల దూరంలో వెనక వస్తోంది.

సరుకు దిగే తలుపు దగ్గర కావ్య, "నేను రొయ్యలొచ్చే దోవలోనే వస్తా" అంది. పెంచలయ్య తలుపుకు అడ్డంగా చేతులు చాపాడు. "రొయ్యలు మాత్రమే! మనుషులు ఇట్టా వస్తే నా ఉద్యోగం పోతాది." అత్యవసర తలుపు తెరిస్తే గంట మోగుతుంది, అందరూ బయటికి పరిగెత్తాలి. ఐసు గదుల వైపు ఒలిచేవాళ్ళకు పని లేదు. అలా వెనక ఆవరణలోకి వచ్చేసరికి విడిగా ఒక చిన్న గది, తాళం.

"ఇదేంది?" అంది మస్తానమ్మ.

పెంచలయ్య నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను. "పిల్లల గది" అన్నాను.

ఆడవాళ్ళు పనిచేసే చోట పసిపిల్లలను ఉంచడానికి గది ఉండాలి. మాకూ ఉంది. దాన్నిండా విరిగిన కుర్చీలు, పాత బూట్లు. తనిఖీ ఉన్న రోజు కుర్చీలు బయటికి, ఊయల లోపలికి వచ్చేవి. ఆయాను పెట్టి జీతం ఇమ్మని మొదట్లో కంపెనీని రెండుసార్లు అడిగి, కాదంటే ఊరుకున్నాను. ఆ ఊరుకోవడం నా జీవితంలో పెద్ద తప్పని ఇప్పుడు రాయగలుగుతున్నాను. అప్పుడు తెలియలేదు.

మస్తానమ్మ తాళం పట్టుకుని చూసింది. "నా నలుగురు పిల్లల్ని ఊళ్ళో పక్కింటామె కాళ్ళు పట్టుకుని వదిలి వస్తిని. ఈడ గది ఉండాదా?" అంది. ఆ పొడుగు గొంతు లేదు. చాలా మెల్లిగా అంది.

అంతలో తనే తేరుకుని, "దీని గడపకు పసుపు పెట్టినావా ఏంది?" అని అడిగింది.

"లేదు మస్తానమ్మా."

"పెట్టబాక. ఈ నెల నేనీడ ఉంటా."

శశిధర్ గారు మొదట ఒప్పుకోలేదు. ఆయనకు కావలసినవి చేతులు. "సార్, పిల్లలున్నారని మానేసిన చేతులు ఎన్నో ఉన్నాయి. గది తెరిస్తే వస్తాయి" అన్నాను. ఒక నెల చూద్దామన్నారు. మర్నాడు ముగ్గురు పిల్లలొచ్చారు. వారం తిరిగేసరికి పదకొండు మంది. పిల్లల తల్లులు నలుగురు తిరిగి పనిలోకి వచ్చారు. మస్తానమ్మ జీవితమంతా రొయ్యలను సైజులవారీగా వేరు చేసిన మనిషి కదా, పిల్లలనూ అలాగే కూర్చోబెట్టింది. కిలోకు ఎన్ని తూగితే అది రొయ్య కౌంటు. కౌంటు పెరిగేకొద్దీ రొయ్య చిన్నది. "ఈడు ముప్పై కౌంటు, అన్నం తింటాడు. ఈమె అరవై కౌంటు, పాలే. ఈడు రొయ్యే కాదు, మండ్రగబ్బ, కుడతాడు, చూసి పట్టుకో" అని తల్లులకు అప్పజెప్పేది.

నేను అడగని ప్రశ్న

కావ్య రోజూ వచ్చింది. రమేషు మోటారు సైకిలు మీద సాయంత్రం బస్సు వెనకాలే కావ్య ఊరి మలుపు దాకా వెళ్ళి తిరిగిపోయేవాడు. బస్సులో ఫ్యాక్టరీ మాటలు వద్దన్న నియమం వల్ల ఆడవాళ్ళకు మాట్లాడుకోవడానికి ఆ మోటారు సైకిలు దొరికింది.

అంతా బాగుందని మురిసిపోతూ ఒకరోజు పిల్లల గదికి వెళ్ళి, "చూశావా మస్తానమ్మా, నీ కోడలికి ఈ నెల ఒక్క నాగా లేదు" అన్నాను.

"అదే గదా నా బాధ" అంది ఊయల ఊపుతూ.

"అదేమిటి?"

"నాకు పెళ్ళైన ఏడాది ఆషాఢం రాంగానే మా అత్త నన్ను మా అమ్మ దగ్గరికి పంపలా. చేపలు ఎండబెట్టే కాలం, మనుషుల్లేరు. గడపకు పక్కన గోడ పగలగొట్టి దోవ తీసినారు మేడమక్కా, నా చేత పని చేయించేదానికి! మళ్ళీ మా అమ్మ దగ్గర నేను నెలరోజులుండింది లేదు. నా కోడలన్నా ఆ నెల కాలు చాపుకుని పడుకుంటాదనుకుంటి. పొద్దున్నే బస్సు, మాపటికి బస్సు. పుట్టింట్లో ఉండేది ఆ పిల్ల గుడ్డలే!"

ఊయల తాడు పట్టుకుని ఆపాను. "మరి మొదటిరోజే ఈ మాట చెప్పొచ్చు గదా?"

"నువ్వు గడప గురించి అడిగితివి. నేను గడప గురించి చెప్తిని."

నిజమే. పంతులుగారిని అడిగాను, పెంచలయ్యను అడిగాను, స్టీలు రేకును కూడా వంగి చూశాను. 'నీకేం కావాలి మస్తానమ్మా' అని మాత్రం అడగలేదు. వినడమే నా పని అని జీతం తీసుకున్నదాన్ని.

ఆఖరి వారంలో లారీలు వరుసకట్టాయి. కావ్యకు అప్పటికి రెండు నాగాలు పడ్డాయి, జ్వరం వచ్చి. నాలుగు రోజులే మిగిలాయి. ఆ పూట బల్ల దగ్గర నిలబడే తూలింది. సూపర్‌వైజరు ఇంటికి పొమ్మంది. పోతే మూడో నాగా. పోకపోతే పడిపోయేలా ఉంది. నేను ఆ పిల్లను బయటికి నడిపించుకొస్తుంటే మస్తానమ్మ చంకలో అరవై కౌంటుతో పరిగెత్తుకొచ్చింది. పిల్లల గదిలో పడుకోబెడదామంటే అది ఇప్పుడు అత్త గడప. పసుపు ఉన్నా లేకపోయినా అప్పటికి ఎవరికీ ప్రయోగాలు చేసే ధైర్యం లేదు.

"బస్సు!" అంది మస్తానమ్మ. "బస్సుకు మెట్లే గదా, గడప లేదు."

ఆవరణలో నిలిపి ఉన్న బస్సు వెనక సీట్లో కావ్య గంటసేపు ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది. ఒంట్లో బాగాలేని మనిషికి పని మధ్యలో గంట విశ్రాంతి ఇచ్చే అధికారం నాకుంది, ఇచ్చాను. అత్త మెట్టు ఎక్కలేదు. కింద ఎండలో నిలబడి, బస్సు వైపు వచ్చిన ప్రతివాణ్ణీ, డ్రైవరుతో సహా, కొంగుతో తోలింది. హారను మోగించబోయిన ఒక ముప్పై కౌంటుకు వీపు మీద ఒకటి పడింది. గంట తర్వాత కావ్య ముఖం కడుక్కుని లోపలికి వెళ్ళింది. మిగిలిన మూడు రోజులూ నిలబడింది.

శ్రావణం మొదటిరోజున ఆమె చేతికి నీలంకార్డు వచ్చింది. అత్తా కోడలూ కలిసి నా గది గడప దాటి లోపలికి వచ్చారు. కావ్య కార్డు చూపించింది. దాని మీద తన పేరు ఉన్నచోట బొటనవేలు పెట్టి పట్టుకుంది, ఎగిరిపోతుందేమో అన్నట్టు.

ఈసారి నేను అడిగాను. "ఇప్పుడు నీకేం కావాలమ్మా?"

ఆ పిల్ల అత్త వైపు చూసింది. "నాలుగు రోజులు మా అమ్మ దగ్గర పడుకుని నిద్రపోవాల మేడం."

"శ్రావణంలో కోడలు అత్తింట్లో ఉండాలి కదే?" అన్నాను నవ్వుతూ.

"అదంతా నేను చూసుకుంటా. నువ్వు చీటీ రాయి మేడమక్కా" అంది మస్తానమ్మ. "కారణం అనేకాడ జొరమనీ కడుపునొప్పనీ రాయబాక. నిద్ర అని రాయి."

నేను సెలవు చీటీలు కొన్ని వేలు చదివి ఉంటాను. ఉన్నది ఉన్నట్టు రాసిన చీటీ నా చేతి మీదుగా వెళ్ళడం అదే మొదటిసారి. తీసుకెళ్ళి శశిధర్ గారి బల్ల మీద పెట్టాను. బయట రెండు లారీలు ఆగి ఉన్నాయి. ఆయన చీటీ చదివారు. కళ్ళద్దాలు తీసి మళ్ళీ చదివారు. నేను కొట్లాటకు సిద్ధంగా నిలబడ్డాను.

ఆయన సంతకం పెట్టారు. కాగితం నాకు ఇవ్వబోయి, ఆగి, మళ్ళీ వెనక్కి తీసుకుని, సంతకం కింద ఒక వాక్యం రాసి ఇచ్చారు.

'లోడు వచ్చినా లేపవద్దు.'